ఎక్స్‌రే గది తలుపు దగ్గర

(ఆదివాసీ దినోత్సవ సభలో యువత కోసం చేసిన ప్రసంగ పాఠం)



కొమ్ము కోయ నృత్యం చూశాక ఎవరి మాటలైనా చప్పగానే ఉంటాయి. అయినా నన్ను పిలిచారు, చదువుల గురించి చెప్పమన్నారు. చదువుల గురించి అంతా చెప్పే తెలివి నాకు లేదు. ఒక్క చదువు గురించి, ఒక్క ఏడాదిలో నా హాస్టల్లో జరిగిన సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. అదీ చెబుతాను.

ముందు నా సంగతి రెండు ముక్కలు. నేను టీటీసీ చదివిన రోజుల్లో ఏజెన్సీలో మా ఈడు వాళ్లకు ఒకటే దారి కనబడేది. 2000లో వచ్చిన 3వ నంబరు జీవోతో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. పదో తరగతి పాసైతే చాలు, ఊళ్లో అందరూ "పంతులమ్మ అయిపో" అనేవాళ్లు. అయ్యాం. మా ఇళ్లల్లో మొదటిసారి నెల జీతం వచ్చింది అలాగే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాని మీద మన సంఘాలు చేసిన పోరాటం మీకు తెలిసిందే, ఈ వేదిక మీదే చాలామంది మాట్లాడారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ దారి ఇరుకైపోయినా మా తరం నోట సలహా మాత్రం మారలేదు. ఇంటర్ అయిపోయిన ఏ అమ్మాయి వచ్చినా మేం చెప్పేవి మూడే: టీచర్ ట్రైనింగ్, నర్సింగ్, లేదంటే డిగ్రీలో చేరి గ్రూప్స్ రాయి. నేనూ అదే చెబుతూ వచ్చాను.

నిరుడు ఎండాకాలం చర్ల మండలం అమ్మాయి ఒకతి వచ్చింది. బైపీసీ, మంచి మార్కులు. నీట్ రాసింది, సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు డబ్బు లేదు. తునికాకు సీజన్ డబ్బు మొత్తం వాళ్ల తమ్ముడి జ్వరాలకే పోయింది. ఆ అమ్మాయి అడిగింది: "మేడమ్, రేడియోగ్రఫీలో చేరనా, వద్దా?"

వెంటనే "వద్దు" అన్నాను. ఎందుకు అని కూడా అడగలేదు ఆ పిల్ల. టీచరు గొంతుతో చెప్పాను కదా! వాళ్ల నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. "అదే మేడమ్ గారూ, ఆ కిరణాలు పడితే పిల్లకి పిల్లలు పుట్టరంట కదా" అన్నాడు. "అవునన్నా, అందుకే వద్దంటున్నా" అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని గొప్పగా చెప్పను. బాగానే పట్టింది. మూడు రోజుల తర్వాత స్టోరు రూములో బియ్యం బస్తాలు లెక్క చూస్తుంటే గుర్తొచ్చింది, అంతకు ముందు ఏడాది మా హాస్టల్లో ఏడో తరగతి పిల్ల బాత్రూములో జారి పడిన రాత్రి. మణికట్టు వాచిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి, ఎక్స్‌రే మిషన్ కూడా ఉంది. గదికి తాళం వేసి ఉంది. మిషన్ నడిపే మనిషి సెలవులో ఉన్నాడు, బదులు మనిషి లేడు. డాక్టరు అట్టముక్క పెట్టి కట్టు కట్టి, "విరిగిందో బెణికిందో ఫోటో లేకుండా చెప్పలేను" అన్నాడు. ఆ పిల్ల తెల్లవార్లూ మూలిగింది. పొద్దున్నే ఇంకో ఊరు తీసుకెళ్లి తీయిస్తే ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆ తాళం ముందు నిలబడి ఎవరినో తిట్టుకున్నాను ఆ రోజు. అదే గదిలో పనిచేయడానికి మన పిల్ల వస్తానంటే, నాకు తెలియని మాట పట్టుకుని నేనే వద్దన్నాను.

సిగ్గేసింది. పిల్లను మళ్లీ పిలిపించాను. "నాకు తెలియకుండా చెప్పానమ్మా. ఇద్దరం వెళ్లి చూసొద్దాం, ఆ తర్వాత నువ్వే చెప్పు" అన్నాను. ఇంకో అమ్మాయి కూడా వస్తానంది. ముగ్గురం వెళ్లాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్ద ఆసుపత్రిలో అనుమతి అడిగాం. అక్కడ రేడియోగ్రాఫర్ ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. సగం రోజు మాతో గడిపాడు, పని ఆపకుండానే.

మొదట ఆయన మా అనుమానం ఒకటి తీర్చాడు. మా పిల్ల, "ఈ కోర్సు చేస్తే డాక్టర్ అవుతామా సార్?" అని అడిగింది. కాదు. రేడియాలజిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చదివిన డాక్టరు. ఫిల్ము చూసి రిపోర్టు రాసేది ఆయన. రేడియోగ్రాఫర్ ఆ బొమ్మ తీసే మనిషి. రోగిని సరైన భంగిమలో పెట్టడం, ఎంత మోతాదు కావాలో నిర్ణయించడం, పనికొచ్చే బొమ్మ తీయడం, అందరికీ కిరణాల రక్షణ చూడటం ఆ మనిషి పని. మీ దగ్గరికి వచ్చే కొందరు ఏజెంట్లు ఈ రెండు పేర్లూ కలిపేసి "డాక్టర్ కోర్సు" అని చెబుతున్నారు. వినకండి. "బొమ్మలో ఏం కనిపించిందో ఊరివాళ్లు అడిగితే చెప్పకూడదా?" అంది మా పిల్ల. అత్యవసరంగా ఏదైనా కనబడితే డాక్టరుకు వెంటనే చెప్పాలి గానీ, రోగికి జబ్బు పేరు చెప్పడం మన పని కాదన్నాడాయన. పిల్ల ముఖం చిన్నబోయింది. చిన్నబోవాల్సిన విషయమే. చేరకముందే చిన్నబోవడం మంచిది.

తర్వాత భయం సంగతి. ఆయన నవ్వుతూ "నాకు ఇద్దరు పిల్లలు మేడమ్" అన్నాడు. నేను టీచరుని కదా, ఒక్కరి ఉదాహరణ రుజువు కాదన్నాను. లెక్క చెప్పమన్నాను. అప్పుడు సరిగ్గా చెప్పాడు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఆ డిసెంబరులో భార్య చేతిని, వేలి ఉంగరంతో సహా ఫోటో తీశాడు. కంటికి కనబడని ఆ వెలుగు హాని చేస్తుందని మొదట్లో ఎవరికీ తెలియదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు తన చేతుల మీదే పరీక్షలు చేసుకుంటూ, పుండ్లు పడి, చేతులు పోగొట్టుకుని, 1904లో క్యాన్సర్‌తో చనిపోయాడు. అలాంటి చావుల నుంచే ఇవాళ్టి నిబంధనలు వచ్చాయి.

ఇప్పుడు మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ప్రకారం కిరణాల దగ్గర పనిచేసే మనిషికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఊరికే బతికి ఉన్నందుకే నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనందరికీ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న రోగికి అందేది మనకు మామూలుగా కొద్ది రోజుల్లో అందేంత. సీటీ స్కాన్‌లో అంతకంటే చాలా ఎక్కువ, అందుకే డాక్టరు రాస్తేనే తీస్తారు. పిల్లలు పుట్టకుండా పోవాలంటే కావలసిన మోతాదు ఉద్యోగి హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ. పద్ధతిగా పనిచేసే మనిషి ఆ దరిదాపులకు కూడా పోడు.

పద్ధతి అంటే ఏమిటో కూడా చూశాం. చొక్కాకు టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకుని ఉన్నాడు. మూడు నెలలకోసారి దాన్ని లెక్కకు పంపుతారు, ఎంత పడిందో కాగితం మీద వస్తుంది. సీసం ఏప్రాన్ మడతపెట్టలేదు, కొక్కేనికి వేలాడదీశాడు. మడిస్తే లోపల సీసం పగులుతుందట. బొమ్మ తీసేటప్పుడు సీసం అద్దం ఉన్న గోడ వెనక్కి వెళ్లి మీట నొక్కుతాడు. స్విచ్ తీశాక గదిలో ఏమీ మిగలదు, దీపం ఆర్పాక వెలుగు మిగలనట్టు. ఇక దూరం. పొయ్యి దగ్గర కూర్చుంటే సెగ, నాలుగడుగులు జరిగితే తగ్గిపోతుంది కదా. ఇక్కడ దానికి లెక్క కూడా ఉంది: దూరం రెండింతలైతే కిరణాల జోరు నాలుగో వంతుకు, మూడింతలైతే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. బైపీసీ పిల్లలూ, ఇది ఫిజిక్సే. "ఫిజిక్స్ అంటే భయం, అందుకే రేడియోగ్రఫీ" అనేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోండి.

ఆడపిల్లలకు ఒక మాట. గర్భం అని తెలియగానే ఉద్యోగంలో రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటి నుంచి కడుపులో బిడ్డకు మామూలు జనానికి ఉన్న హద్దే వర్తిస్తుంది, 1 మిల్లీసీవర్టు. దానికి తగ్గట్టు డ్యూటీ మార్చాలి. సిగ్గుపడి దాచుకోకూడదు. ఎంఆర్‌ఐ, అల్ట్రాసౌండ్‌లలో ఈ కిరణాలే ఉండవు. అయితే గర్భిణికి స్కానింగ్ చేయడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అర్హత, రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు పని. చిన్న సెంటర్లలో ఎవరైనా "నువ్వే చేసెయ్" అంటే చేయకండి. జైలుకు పోయేది మీరు.

ఇదంతా చెప్పాక ఆ పూట జరిగిన ఒక చిన్న సంగతి చెప్పకపోతే నా మాట పూర్తికాదు. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక ముసలమ్మను తెచ్చారు. రెండు నెలలుగా దగ్గు. టీబీ అనుమానం, ఛాతీ ఎక్స్‌రే రాశారు. మెడ నిండా పూసల దండలు. దండలు ఉంటే బొమ్మలో నీడ పడుతుంది, తీయాలి. తీయనంటుంది. పైగా గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాలి, లేకపోతే ఊపిరితిత్తులు సరిగా కనబడవు. ఆమెకు తెలుగు రాదు. ఆయనకు కోయ రాదు. తోడొచ్చిన మనవడు బయట మందుల చీటీ పట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన చేతులతో సైగలు చేస్తున్నాడు, ఆమె బెదిరి గోడకు అతుక్కుంటోంది.

మా పిల్ల లోపలికి వెళ్లింది. మన భాషలో ఏదో అంది. ఏం అందో నాకు సరిగా వినబడలేదు. ముసలమ్మ నవ్వింది. దండలు ఒక్కొక్కటే తీసి ఈ పిల్ల చేతిలోనే పెట్టింది, ఆయన చేతికి ఇవ్వలేదు. మిషన్ ముందు నిలబడింది. మా పిల్లను బయటికి పంపి, ఆయన తలుపు దగ్గర నుంచి ఆమె నేర్పిన మాటే అరిచాడు. ముసలమ్మ ఊపిరి బిగబట్టింది. ఒక్కసారికే బొమ్మ వచ్చింది. బొమ్మ చెడితే మళ్లీ తీయాలి, మళ్లీ కిరణాలు పడాలి. మన భాష తెలిసిన మనిషి ఆ గదిలో ఉంటే ఎంత తేడానో నేను ఉపన్యాసంగా చెప్పక్కర్లేదు. ఆడమనిషి కావడం ఇంకో తేడా. మన ఆడవాళ్లలో ఎంతమంది రవిక తీయాలంటే సిగ్గుపడి పరీక్ష చేయించుకోకుండా తిరిగొచ్చారో మీ అమ్మల్ని అడగండి.

టీబీ ఒకటే కాదు. మనవాళ్లలో సికిల్‌సెల్ ఉంది. 2023లో కేంద్రం దాని కోసం ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది, మీ బడుల్లో రక్త పరీక్షలు చేసే ఉంటారు. ఆ జబ్బున్న పిల్లలకు తుంటి ఎముకకు రక్తం అందక పాడవుతుంది. అది తెలిసేది ఎక్స్‌రేలో, ఇంకా ముందే తెలియాలంటే ఎంఆర్‌ఐలో.

ఇక కష్టాలు. ఆయన దాచలేదు, నేనూ దాచను. రాత్రి డ్యూటీలుంటాయి. యాక్సిడెంట్ కేసు వస్తే విరిగిన కాలును కదపకుండా పట్టుకోవాలి, రక్తం చూడాలి. కదల్లేని రోగిని లేపి, పడుకోబెట్టి, నడుం నొప్పి తెచ్చుకున్నవాళ్లున్నారు. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. ప్రైవేటు సెంటర్లలో మొదటి జీతం చాలా తక్కువ. మా పాత విద్యార్థిని ఒకమ్మాయి హైదరాబాదులో 12 వేలకు చేరింది, గది అద్దెకే సగం పోయింది. సీటీ, ఎంఆర్‌ఐ పని నేర్చుకున్నాక పెరిగింది. ప్రభుత్వ పోస్టులు ఉన్నాయి, రైల్వే పారామెడికల్ పరీక్షలో రేడియోగ్రాఫర్ పోస్టు ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి చోట్లా ఉంటాయి. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. చదవగానే ఉద్యోగం అని మీ నాన్నలకు చెప్పొద్దు. అప్పుచేసి మరీ పంపుతారు.

చదువు రెండు రకాలు. ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల డిప్లొమా, దాన్ని డీఎంఐటీ అంటారు. లేదా వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ అలైడ్ హెల్త్ సైన్సెస్, నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. నన్నడిగితే మోయగలిగితే డిగ్రీ చేయండి. 2021లో ఈ వృత్తులన్నిటికీ కలిపి జాతీయ చట్టం వచ్చింది. అందులో ఎన్ని గంటల చదువు, ఎన్నేళ్లు అన్నదాన్ని బట్టే గుర్తింపు. ముందు ముందు డిగ్రీ కాగితానికే విలువ పెరుగుతుందని నా అంచనా. ఇంట్లో రెండేళ్లకు మించి ఆగలేని పరిస్థితి ఉంటే డిప్లొమా తప్పేం కాదు.

ఏజెంట్ల సంగతి వేడిగానే చెబుతాను, ఏమనుకోకండి. మూడేళ్ల కిందట మా హాస్టల్ నుంచి వెళ్లిన ఒకమ్మాయిని ఊరికొచ్చిన ఏజెంటు ఒకడు 10 వేలు అడ్వాన్సు తీసుకుని ఒక కాలేజీలో చేర్చాడు. ఒరిజినల్ మెమోలు వాళ్లే పెట్టుకున్నారు. ఏడాది పోయాక తెలిసింది, ఆ కోర్సుకు గుర్తింపే లేదని. మెమోలు వెనక్కి తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న నాలుగుసార్లు తిరిగాడు. పోడు పని వదులుకుని. అందుకే చెబుతున్నా: కాలేజీ పేరు బోర్డు జాబితాలోనో విశ్వవిద్యాలయం జాబితాలోనో మీ కళ్లతో మీరు చూడాలి. ఆ కాలేజీకి ఆసుపత్రి ఉందా, రోజుకు ఎన్ని ఎక్స్‌రేలు తీస్తారు, సీటీ ఉందా అని అడగాలి. ఆసుపత్రి లేని రేడియోగ్రఫీ చదువు ఏరు లేని ఊళ్లో ఈత నేర్పినట్టే. సీటు కన్వీనర్ కోటాదా, మేనేజ్‌మెంట్ కోటాదా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అన్నది నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోవాలి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో తీసిపెట్టుకోండి. 2022 నుంచి తెలంగాణలో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. సర్టిఫికెట్ వేళకు లేకపోతే ఆ పది శాతం ఎవరికి పనికొస్తుంది?

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే బస్సులో రెండో అమ్మాయి నాకు వద్దు మేడమ్ అంది. రోజంతా ఆ మూసిన గదిలో ఉండలేనంది. ఆమె ఇప్పుడు డిగ్రీ చదువుతూ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు తయారవుతోంది. ఆమెకు ఆ సగం రోజు వృథా అయిందని నేననుకోను. నాలుగేళ్లు పోయే చోట నాలుగు గంటలు పోయాయి.

చర్ల అమ్మాయి బస్సులో ఏమీ మాట్లాడలేదు. రెండు వారాలు ఆలోచించింది. ఒకరోజు వచ్చి, "నాకు ఇంకా డాక్టర్ అవ్వాలనే ఉంది మేడమ్. కానీ ఇది కూడా ఇష్టమైంది" అంది. నేను ఏమీ చెప్పలేదు. ఈసారి నిజంగానే చెప్పలేదు. వాళ్ల నాన్నతో మాత్రం మాట్లాడాను. "అన్నా, నేను మొన్న చెప్పింది తప్పు" అని, బ్యాడ్జీ సంగతి, గోడ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు విని, "మరి మొన్న అంత గట్టిగా ఎట్ల చెప్పారు మేడమ్ గారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డిగ్రీలో చేరింది. మొదటి ఏడాది అనాటమీ ఇంగ్లీషులో చదవలేక ఫోన్ చేసి ఏడ్చింది. ఒక పేపరు తప్పింది కూడా. మళ్లీ రాస్తోంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు తమ్ముడి పాత ఎక్స్‌రేను ఎండకు పట్టి చూస్తూ కూర్చుంది. ఏముంది అని వాళ్లమ్మ అడిగితే, "చెప్పకూడదు" అందట.

ఇక ఆఖరున ఒక పని ఉంది. వచ్చే నెల రెండో శనివారం అదే ఎక్స్‌రే గది చూడటానికి ఆరుగురికి అనుమతి అడిగాను, ఇచ్చారు. నలుగురి పేర్లు వచ్చాయి. ఇంకా రెండు ఖాళీలున్నాయి. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది వాళ్లు, మగపిల్లలైనా సరే, భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద ఉంటాను, వచ్చి పేరు రాయించుకోండి. బస్సు చార్జీ మీరే తెచ్చుకోవాలి. మెడలో గొలుసులు, తాయెత్తులు ఉంటే ఉండనివ్వండి, మనం చూడటానికే వెళుతున్నాం.